సిరంజిలోకి ఎన్ని ప్లేట్‌లెట్లు వచ్చాయి?

పారాసెటమాల్ 500 అంటే ఎక్కడ కొన్నా 500 మిల్లీగ్రాములే. జుట్టు కోసం, ముఖం కోసం మన రక్తంలోంచే తయారు చేసి ఎక్కించే పీఆర్పీకి ఆ భరోసా లేదు. ఎంత రక్తం తీశారు, ఏ ట్యూబులో పట్టారు, ఎంత వేగంతో తిప్పారు, చివరికి ఎన్ని మిల్లీలీటర్లకు కుదించారు అన్నదాన్ని బట్టి సిరంజిలోని సరుకు మారిపోతుంది. అందుకే ఒకరు "జుట్టు నిలిచింది" అంటే ఇంకొకరు "డబ్బు దండగ" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ఇద్దరికీ ఎక్కించింది ఒకటే కాదు, అంతే.

పేరు విప్పితే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. మన రక్తంలో ఒక్కో మైక్రోలీటరుకు మామూలుగా లక్షన్నర నుంచి నాలుగు లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. రెండు మూడు మైక్రాన్ల చిన్న బిళ్లలు. ఎముక మజ్జలోని మెగాకార్యోసైట్ అనే పెద్ద కణం తునకలైతే ఇవి పుడతాయి, వారం పది రోజులు బతుకుతాయి. గాయం దగ్గర రక్తం గడ్డకట్టించడం వీటి పని అని అందరికీ తెలుసు. ఆ పనిలోనే ఇంకో పని కూడా చేస్తాయి: లోపలి ఆల్ఫా రేణువుల్లో దాచుకున్న పీడీజీఎఫ్, వీఈజీఎఫ్, టీజీఎఫ్-బీటా, ఈజీఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లను, అంటే కణాలకు పెరగమని సంకేతమిచ్చే ప్రోటీన్లను, అక్కడే కుమ్మరిస్తాయి. కొత్త రక్తనాళాలు మొలవడానికీ, ఫైబ్రోబ్లాస్ట్ కణాలు చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారు చేయడానికీ ఆ సంకేతాలే మొదలు. ఒకసారి రెచ్చిపోయిన ప్లేట్‌లెట్ పది నిమిషాల్లోనే సింహభాగం బయటికి వదిలేస్తుంది, గంట తిరిగేసరికి దాదాపు ఖాళీ. ఇది గుర్తుంటే కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి కారణం అడగక్కర్లేదు. చర్మంలోకి వెళ్లేదాకా ప్లేట్‌లెట్‌ను నిద్ర లేపకూడదు.

ఇది అందం కోసం పుట్టిన వైద్యం కాదు. 1970లలో ప్లేట్‌లెట్లు పడిపోయిన రోగులకు ఎక్కించడానికి రక్తవ్యాధుల నిపుణులు వాడిన మాట పీఆర్పీ. 1987లో గుండె ఆపరేషన్లలో వాడారు. 1998లో దవడ ఎముక అతికించే శస్త్రచికిత్సల్లో రాబర్ట్ మార్క్స్ బృందం ఫలితాలు ప్రచురించాక దీనికి ఊపు వచ్చింది. జుట్టు వైపు తిరిగింది 2006 ప్రాంతంలో, అదీ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ కుదుళ్లను నాటే ముందు ఈ ద్రవంలో నానబెడితే ఎక్కువ బతుకుతున్నాయని గమనించినప్పుడు. ముఖానికి రావడం ఆ తర్వాతి ముచ్చట. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పీఆర్పీ తయారు చేసే కిట్లకు ఇచ్చిన అనుమతి ప్రధానంగా ఎముక శస్త్రచికిత్సల వాడకానికే. జుట్టుకీ ముఖానికీ వాడటం అక్కడ ఆఫ్-లేబుల్ కిందికి వస్తుంది. ఆఫ్-లేబుల్ అంటే తప్పు అని కాదు, బాధ్యత వాడే డాక్టరుది అని.

లెక్క ఒకసారి వేసి చూడండి

చికిత్సకు పనికొచ్చే పీఆర్పీ అంటే మైక్రోలీటరుకు దాదాపు 10 లక్షల ప్లేట్‌లెట్లు ఉండాలని మార్క్స్ చెప్పిన అంకె ఇప్పటికీ గీటురాయిలా నడుస్తోంది. అంటే మామూలు రక్తానికి మూడు నుంచి ఐదు రెట్లు.

ఒకరి ప్లేట్‌లెట్ కౌంట్ 2 లక్షలు అనుకుందాం. 20 మిల్లీలీటర్ల రక్తం తీస్తే అందులో మొత్తం 400 కోట్ల ప్లేట్‌లెట్లు ఉంటాయి. తిప్పడంలో, వంపడంలో కొన్ని పోతాయి. 60 శాతం చేతికి వచ్చాయంటే 240 కోట్లు. వాటిని 3 మిల్లీలీటర్లలో కుదిస్తే మైక్రోలీటరుకు 8 లక్షలు, నాలుగు రెట్లు. బాగానే ఉంది.

ఇప్పుడు రెండో సీను. 10 మిల్లీలీటర్ల ఒక్క జెల్ ట్యూబు (ఎర్రకణాలను కింద ఆపే జెల్ ఉన్నది), ఒక్కసారే తిప్పడం. జెల్ పైకి తేలిన ప్లాస్మా అంతా, 5 మిల్లీలీటర్లు, అలాగే సిరంజిలోకి లాగేశారు. 200 కోట్లలో 80 శాతం దక్కాయన్నా 160 కోట్లు. 5 మిల్లీలీటర్లలో అవి పరుచుకుంటే మైక్రోలీటరుకు 3.2 లక్షలు. ఒకటిన్నర రెట్లు దాటి ఎంతో పోలేదు. పుట్టుకతోనే నాలుగు లక్షల కౌంట్ ఉన్న మనిషి రక్తంలో, ఏ యంత్రమూ లేకుండా, అంతకంటే ఎక్కువ ఉంటాయి. దీన్నీ పీఆర్పీ అనే అంటారు. పేషెంటుకి సిరంజి నిండుగా కనిపిస్తుంది కాబట్టి సంతృప్తి కూడా ఎక్కువే.

కాబట్టి అడగాల్సింది "మీ మిషన్ ఏ దేశానిది" అని కాదు. ఎంత రక్తం తీస్తారు, చివరికి ఎంత ద్రవం మిగులుస్తారు? ఈ రెండు అంకెలు చాలు, సగం కథ తెలిసిపోతుంది. తయారైన ద్రవంలోంచి ఒక చుక్కను సెల్ కౌంటర్‌లో పెట్టి లెక్క చూపించే చోటు దొరికితే అదృష్టమే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఎక్కువైతే ఇంకా మంచిదన్న సూత్రం ఇక్కడ నడవదు. మరీ చిక్కగా చేస్తే కణాల పెరుగుదల మందగించడం ల్యాబ్ ప్రయోగాల్లో కనిపించింది.

రక్తం తీసే దగ్గరే సగం పాడవుతుంది

మోచేతి దగ్గర పెద్ద నరం, 21 గేజ్ బటర్‌ఫ్లై సూది, నింపాదిగా లాగడం. సన్నటి సూదితో గబగబా లాగితే ఎర్రకణాలు చితుకుతాయి, ప్లేట్‌లెట్లు అక్కడే రెచ్చిపోతాయి. నరం దొరక్క నాలుగుసార్లు గుచ్చితే సూది మొనకే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. అలాంటప్పుడు అదే చోట తంటాలు పడకుండా ఇంకో చేతికి, కొత్త సూదితో పోవడం మేలు.

ట్యూబు మూత రంగు చూడండి. రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఏసీడీ-ఏ అనే ద్రావణం ఉన్న ట్యూబులు సాధారణంగా పసుపు మూతవి. 8.5 మిల్లీలీటర్ల రక్తానికి అందులో 1.5 మిల్లీలీటర్ల మందు ముందే పోసి ఉంటుంది. లేత నీలి మూత సోడియం సిట్రేట్‌ది. ఈ రెండూ ప్లేట్‌లెట్లను చెక్కుచెదరకుండా ఉంచుతాయి. ఊదా మూత ఈడీటీఏది. రక్తపరీక్షకు అది భేషుగ్గా ఉంటుంది కానీ అందులో ప్లేట్‌లెట్లు ఉబ్బి ఆకారం మారతాయి. చికిత్సకు దాన్ని వాడటం నాకైతే నచ్చదు. ఇంకో చిక్కు కూడా ఉంది: పరీక్షల కోసం చేసిన ట్యూబులు రక్తాన్ని తిరిగి ఒంట్లోకి ఎక్కించడానికి ఉద్దేశించినవి కావు. ఇంజెక్షన్‌కు పనికొచ్చేలా తయారైన కిట్ వేరు, ల్యాబ్ ట్యూబు వేరు.

ట్యూబును గీత దాకా నింపాలి. సగమే నింపితే గడ్డకట్టనివ్వని మందు పాళ్లు ఎక్కువై ద్రవం పుల్లబారుతుంది, గుచ్చినప్పుడు మంట. నిండాక ఐదు నుంచి ఎనిమిదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. సిరప్ సీసాలా గిలక్కొడితే మొదటికే మోసం. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చల్లదనానికి ప్లేట్‌లెట్లు బిళ్ల ఆకారం పోగొట్టుకుని ముళ్ల బంతుల్లా అయిపోతాయి. 20 నుంచి 24 డిగ్రీల గది వేడే వాటికి నప్పుతుంది.

ఆర్‌పీఎం అంకె ఒక్కటే చెబితే నమ్మొద్దు

రక్తాన్ని గిర్రున తిప్పి పొరలుగా విడదీసే యంత్రం సెంట్రిఫ్యూజ్, అది నిమిషానికి తిరిగే చుట్ల లెక్క ఆర్‌పీఎం. పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే. "1500లో పది నిమిషాలు" అని వంట చిట్కాలా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. రక్తం మీద పనిచేసేది తిరిగే వేగం కాదు, ఆ వేగం పుట్టించే బలం. దాన్ని జీ అంటారు. సెంటీమీటర్లలో రోటర్ వ్యాసార్థాన్ని ఆర్‌పీఎం వర్గంతో గుణించి, వచ్చినదాన్ని 0.00001118తో గుణిస్తే జీ వస్తుంది. వ్యాసార్థం 8 సెంటీమీటర్ల చిన్న యంత్రంలో 1500 ఆర్‌పీఎం అంటే దాదాపు 200 జీ. 16 సెంటీమీటర్ల పెద్ద యంత్రంలో అదే 1500 దాదాపు 400 జీ. మొదటిదానిలో ప్లేట్‌లెట్లు తేటలో తేలుతూ ఉంటే, రెండోదానిలో చాలావరకు ఎర్రకణాల వైపు దిగిపోతాయి. పైనున్న అందమైన పసుపు ద్రవాన్ని లాగి ఎక్కిస్తే దక్కేది పలుచటి ప్లాస్మా.

రెండుసార్లు తిప్పే పద్ధతిలో మొదటిది మెత్తటి తిప్పు: 100 నుంచి 300 జీ, ఐదు నుంచి పది నిమిషాలు. అయ్యాక ట్యూబులో మూడు అంతస్తులు కనిపిస్తాయి. అడుగున ఎర్రకణాలు, పైన గడ్డి రంగు తేట, రెండింటి మధ్య మీగడ తరకలా సన్నటి తెల్లటి పొర. దీన్ని బఫీ కోట్ అంటారు. తెల్లకణాలు, బరువైన ప్లేట్‌లెట్లు అందులోనే. తేటనంతా, మీగడ పైపొరను కాస్త తగిలేలా, పొడవాటి సూదితో గోడ వెంబడి లాగి ఖాళీ ట్యూబులోకి మార్చాలి. ఇక్కడ చెయ్యి వణికితే ఎర్రకణాలు పైకి లేస్తాయి. లేస్తే ఇంకోసారి తిప్పుకోవడమే దారి, తొందరపడి ఎర్రగా ఉన్నదాన్నే లాగేయడం కాదు.

రెండోది గట్టి తిప్పు: 400 జీ మొదలుకొని 1000 దాకా, పది నిమిషాలకు అటూ ఇటూ. ఈసారి ప్లేట్‌లెట్లు అడుగుకు చేరి చిన్న బొట్టులా అంటుకుంటాయి. పై మూడింట రెండు వంతుల ద్రవాన్ని తీసి పక్కన పెట్టాలి. అది ప్లేట్‌లెట్లు పలచబడ్డ ప్లాస్మా. మిగిలిన ఒక వంతులో అడుగు బొట్టును మెల్లగా కలపాలి. ఐదు పది నిమిషాలు కదపకుండా వదిలి, తర్వాత వేళ్ల మధ్య ట్యూబును నిదానంగా దొర్లిస్తే సులువుగా విడిపోతుంది. సూదితో పొడిచి చిలికితే గుంపులు కట్టి 30 గేజ్ సూదిలో ఇరుక్కుంటాయి.

యంత్రం ఆగేటప్పుడు బ్రేక్ వేయకూడదు, విడదీసిన పొరలు కుదుపుకి మళ్లీ కలుస్తాయి. ఎదురెదురు ట్యూబులు ఒకే బరువుతో ఉండాలి, లేకపోతే యంత్రం గజగజలాడుతుంది, పొరలు ఏటవాలుగా చెదురుతాయి.

తయారైన ద్రవం బాగుందో లేదో కంటితో కొంత చెప్పొచ్చు. ట్యూబును వెలుతురుకి అడ్డంగా పట్టి మెల్లగా తిప్పండి. లోపల పట్టు గుడ్డ కదిలినట్టు మెరుపు అలలు తిరిగితే ప్లేట్‌లెట్లు బిళ్ల ఆకారంలో క్షేమంగా ఉన్నట్టు. మెరుపు లేకుండా చదునుగా మబ్బుగా ఉంటే వాటి ఆకారం పోయిందని. లేత గులాబీ ఛాయ ఉంటే కాసిన్ని ఎర్రకణాలు కలిశాయి. చిక్కటి ఎరుపైతే వాడకపోవడం మంచిది, ముఖానికి అసలొద్దు. వాపు, నొప్పి పెరుగుతాయి. పాలలా తెల్లగా ఉంటే కొద్ది గంటల ముందు నూనె వస్తువులు బాగా తిన్నారని అర్థం, ప్లాస్మాలో కొవ్వు తేలుతోంది.

కాల్షియం క్లోరైడ్ కలిపి ముందే ఉత్తేజితం చేయాలా అన్నది ఎప్పుడూ తెగని వాదం. చేసేవాళ్లు 1 మిల్లీలీటరు పీఆర్పీకి 0.1 మిల్లీలీటరు చొప్పున కలుపుతారు. కలిపాక నిమిషాల్లో జెల్లీ అవుతుంది, మంట ఎక్కువ. చర్మంలోని కొల్లాజెన్ తగిలితే ప్లేట్‌లెట్లు ఎలాగూ రెచ్చిపోతాయి కాబట్టి మాడుకీ ముఖానికీ ఇది అనవసరపు శ్రమ అనే నా అభిప్రాయం.

ఇదే కుటుంబంలో పీఆర్‌ఎఫ్, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్, ఒకటి. 2001లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ మొదలుపెట్టిన పద్ధతి. గడ్డకట్టనివ్వని మందు అసలు వేయరు, తక్కువ వేగంతో తిప్పుతారు. ఇంజెక్షన్ రూపం 60 జీ దగ్గర మూడు నిమిషాల్లో తయారవుతుంది, పది పదిహేను నిమిషాల్లో గడ్డకడుతుంది. కాబట్టి డాక్టరు చేతులు వేగంగా ఆడాలి. ఫోన్ మోగితే పని అయిపోయినట్టే. ఇంకొకటి జీఎఫ్‌సీ (గ్రోత్ ఫ్యాక్టర్ కాన్సంట్రేట్). ఇందులో ప్లేట్‌లెట్లను ట్యూబులోనే పగలగొట్టి గ్రోత్ ఫ్యాక్టర్ల తేటను మాత్రం ఎక్కిస్తారు. నొప్పి తక్కువ. పీఆర్పీ కంటే ఎన్నో రెట్లు మిన్న అనే ప్రచారానికి తగినంత ఆధారం ఇంకా పోగుపడలేదు. కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచుల్లాంటి ఎక్సోజోమ్‌లను కూడా ఇదే గాటన కట్టి అమ్ముతున్నారు. అవి మీ రక్తంలోంచి వచ్చినవి కావు. ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని ఆ సంస్థే 2019 డిసెంబరులో హెచ్చరిక జారీ చేసింది.

ఏ తలకు, ఎందుకు

పీఆర్పీ కొత్త కుదుళ్లను పుట్టించదు. బక్కచిక్కిన కుదుళ్లను లేపుతుంది. వంశపారంపర్య బట్టతలలో కుదురు ఒక్కరోజులో చావదు. ప్రతి విడతకీ సన్నబడుతూ, పొట్టిదవుతూ, చివరికి నూగు వెంట్రుక అవుతుంది. ఆ నూగు దశలో ఉన్నంతవరకు ఆశ ఉంది. కుదురు అడుగునుండే డెర్మల్ పాపిల్లా కణాలకు గ్రోత్ ఫ్యాక్టర్లు అందితే పెరిగే దశ, అంటే అనాజెన్, పొడవవుతుంది, వెంట్రుక లావెక్కుతుంది. నున్నగా మెరిసే మాడు మీద చర్మపు రంధ్రాలు కూడా కనిపించని చోట గుచ్చితే రక్తం వృథా.

అందుకే మగవాళ్లలో బట్టతల దశలను చెప్పే నార్వుడ్ స్కేలు 2 నుంచి 4 దాకా, ఆడవాళ్లలో పాపిట వెడల్పయ్యే లుడ్విగ్ 1, 2 దశల్లో ఫలితం ఆశించొచ్చు. మాడును పెద్దదిగా చూపే ట్రైకోస్కోప్ పెట్టి చూస్తే ఒకే చోట లావు, సన్న వెంట్రుకలు కలగలిసి ఉంటాయి. ఇలా మందంలో తేడా ఉన్న వెంట్రుకలు 20 శాతం దాటితే వంశపారంపర్యమని గట్టి సూచన. అది చూడకుండా, కుర్చీలో కూర్చోగానే ప్యాకేజీ చెప్పేవాళ్ల దగ్గర లేచి వచ్చేయొచ్చు.

జ్వరం, కాన్పు, హఠాత్తుగా బరువు తగ్గడం తర్వాత రెండు మూడు నెలలకు గుప్పిళ్లుగా రాలితే అది టెలోజెన్ ఎఫ్లూవియం. కారణం పోతే దానంతటదే ఆగుతుంది. హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్, విటమిన్ డి, బి12 చూడకుండా దీనికి పీఆర్పీ చేయడం కారుతున్న కుండలో నీళ్లు పోయడమే. పైగా రెండు నెలల తర్వాత జుట్టు తానే తిరిగి వస్తే ఆ కీర్తి ఇంజెక్షన్ ఖాతాలో పడుతుంది. మచ్చకట్టే అలోపేసియాలు, అంటే కుదుళ్లను మచ్చగా మార్చి జుట్టు రాల్చే లైకెన్ ప్లానోపైలారిస్ లాంటి జబ్బులు, చురుగ్గా ఉన్నప్పుడు గుచ్చితే మంట రేగి ఇంకా పాడవ్వొచ్చు. అనుమానం ఉంటే ముందు బయాప్సీ.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పీఆర్పీకి డీహెచ్‌టీ అనే హార్మోన్‌ను ఆపే శక్తి లేదు. కుదురును చంపే గొడ్డలి అలాగే ఆడుతుంటే ఎరువు వేసి లాభమేమిటి? మగవాళ్లలో ఫినాస్టరైడ్, ఇద్దరిలోనూ మినాక్సిడిల్ వంటి జుట్టు మందులు డాక్టరు సలహాతో నడుస్తుండగా పీఆర్పీ వాటికి తోడు. వాటి బదులు కాదు.

గుచ్చే విధానం

మాడును క్లోర్‌హెక్సిడిన్‌తోనో స్పిరిట్‌తోనో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తడి స్పిరిట్ సూదితోపాటు లోపలికి పోతే భగ్గుమంటుంది. 1 మిల్లీలీటరు ఇన్సులిన్ సిరంజి, 30 లేదా 31 గేజ్ సూది. సెంటీమీటరుకు ఒక చుక్క, ఒక్కో చుక్క 0.05 నుంచి 0.1 మిల్లీలీటరు. లోతు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. చర్మం పైపొరలోనే ఆగితే తెల్లగా బొబ్బ లేచి ద్రవం వెనక్కి కారుతుంది, మరీ లోతుకు పోతే కుదుళ్లను దాటి కిందికి జారిపోతుంది. నడినెత్తి, నుదుటి అంచు, పాపిట కలిపి నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు పడుతుంది. 5 మిల్లీలీటర్లంటే యాభై నుంచి వంద పోట్లు, ముందే మనసులో పెట్టుకోండి.

నొప్పికి నుదుటి నరాల దగ్గర లిగ్నోకెయిన్ మత్తు ఇంజెక్షన్ (బ్లాక్) ఇస్తే హాయి. దాన్ని పీఆర్పీలోనే కలిపేయడం మాత్రం మంచి పని కాదు, ప్లేట్‌లెట్ల పనితనాన్ని తగ్గిస్తుంది. గుచ్చే చోటుకి పక్కనే వైబ్రేటర్ పెడితే కూడా నొప్పి బాగా తెలియదు.

నెలకొక సిట్టింగ్ చొప్పున మూడు, అవసరమైతే నాలుగు. తర్వాత నాలుగైదు నెలలకొకటి. మొదటి మూడు నెలల్లో కనిపించేది రాలడం తగ్గడమే. వెంట్రుక నెలకు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఒత్తు కంటికి ఆనాలంటే ఆరు నెలలు. 2015లో ఇటలీలో 20 మంది మగవాళ్లకు సగం తలకు పీఆర్పీ, మిగతా సగానికి ఉప్పునీరు ఇచ్చి చూసిన అధ్యయనంలో పీఆర్పీ వైపు ఒత్తు స్పష్టంగా పెరిగింది. తేడా ఏమీ లేదని తేల్చినవీ వచ్చాయి. మొదట్లో వేసిన లెక్కలు గుర్తున్నవాళ్లకు ఇది వింతేమీ కాదు.

ముఖం సంగతి

ముఖం మీద పీఆర్పీ చేయగలిగింది చర్మం నాణ్యత పెంచడం: సన్నటి గీతలు, గరుకుదనం, పెద్దవైన రంధ్రాలు, మొటిమల గుంతల్లో అలల్లా పరుచుకున్నవి, కళ్ల కింద పలచబడి రక్తనాళాలు కనిపించే చర్మం. ముక్కు పక్కనుంచి నోటి దాకా దిగే లోతైన మడతను నింపడం దాని వల్ల కాదు, అది ఫిల్లర్ పని. కోపంగా ముడిపడే నొసటి గీతలు కండరం లాగడం వల్ల వచ్చేవి, వాటికి బొటాక్స్. కళ్ల కింది నలుపు మెలనిన్‌దైతే కూడా పెద్దగా ఒరిగేదేమీ లేదు. వేలితో చర్మాన్ని కాస్త లాగి చూడండి. నలుపు అలాగే ఉంటే రంగుది, లాగితే నీలం పెరిగితే పలచటి చర్మానిది. ఇది కచ్చితమైన పరీక్షేమీ కాదు కానీ అద్దం ముందు పనికొస్తుంది.

చేసిన మర్నాడు కనిపించే నిగారింపు వాపుది. వారంలో పోతుంది. కొల్లాజెన్ మెల్లగా నాలుగు నుంచి పన్నెండు వారాల్లో పోగవుతుంది. 2018లో జామా డెర్మటాలజీలో వచ్చిన ఒక చిన్న ట్రయల్‌లో ఒక చెంపకు పీఆర్పీ, రెండో చెంపకు ఉప్పునీరు ఎక్కించారు. ఏది ఏదో తెలియకపోయినా పాల్గొన్నవాళ్లకు పీఆర్పీ చెంప మెరుగ్గా అనిపించింది. ఫొటోలు చూసిన డాక్టర్లకు మాత్రం చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. ఒక్కసారి ఎక్కించిన ఫలితం కాబట్టి దాన్నే తుది తీర్పుగా తీసుకోనక్కర్లేదు. అయినా ఒక్క సిట్టింగ్‌తో పదేళ్లు తగ్గిస్తామనేవాళ్లకు అది మంచి జవాబు.

సన్నటి సూదులతో చర్మం మీద చిన్న రంధ్రాలు చేసే మైక్రోనీడ్లింగ్ పెన్‌తో చేసేటప్పుడు కళ్ల చుట్టూ 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్లు, నుదుటికి 0.5 నుంచి 1, చెంపలకు 1 నుంచి 1.5, గుంతలకు 2 దాకా లోతు పెడతారు. సూది మొనల వెంట చిన్న చిన్న రక్తపు చుక్కలు రాగానే ఆపాలి, ఇంకా రాపాడితే చర్మం చిరిగి నల్ల మచ్చలు పడతాయి. మన ఛాయకు ఆ భయం ఎక్కువే. మత్తు క్రీము ముప్పావుగంట ఉంచాక ఒక్క పొర కూడా మిగలకుండా తుడిచెయ్యాలి. లేకపోతే ఆ క్రీమునే సూదులు లోపలికి తోస్తాయి. పీఆర్పీని నీడ్లింగ్ చేస్తుండగా కొంత, అయ్యాక మిగతాది పూస్తారు. ఆలస్యంగా పైపైన పూసి రుద్దితే సరిపోదు, సూదులు చేసిన దారులు కొన్ని గంటల్లో మూసుకుపోతాయి.

ఇంజెక్షన్ అయితే కళ్ల కింద 0.05 మిల్లీలీటరు చుక్కలు, వైపుకి అర నుంచి ఒక మిల్లీలీటరు. కనుబొమల మధ్య, ముక్కు పక్కన గుచ్చేటప్పుడు ఏమరుపాటు పనికిరాదు. మన రక్తమే కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. ధమనిలోకి పోతే అదే ద్రవం కంటి రక్తనాళాన్ని మూసేస్తుంది. ముఖానికి పీఆర్పీ ఇచ్చాక చూపు పోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే. జరిగితే మాత్రం చాలావరకు తిరిగి రాదు.

అంతకంటే మామూలుగా జరిగే ప్రమాదం మురికి చేతులది. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో 2018లో "వాంపైర్ ఫేషియల్" పేరుతో ముఖానికి పీఆర్పీ చేయించుకున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకిన సంగతిని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ప్రచురించింది. పేరు రాయని రక్తపు ట్యూబులు వంటింటి గట్టు మీద, తినుబండారాల పక్కన ఫ్రిజ్‌లో దొరికాయి. ఒకసారి వాడి పారేయాల్సిన సామగ్రిని మళ్లీ వాడిన ఆనవాళ్లు కనిపించాయి. మీ ఎదురుగా ట్యూబు మీద మీ పేరు రాశారా, నీడ్లింగ్ కార్ట్రిడ్జ్ కవరు మీ కళ్లముందే చింపారా అన్నది అడగడానికి మొహమాటపడొద్దు.

ఎవరు ఆగాలి

ప్లేట్‌లెట్ కౌంట్ లక్ష లోపు ఉన్నవాళ్లు, ప్లేట్‌లెట్ల పనితీరులో లోపం ఉన్నవాళ్లు, రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లు, గుచ్చే చోట చీము లేదా చర్మ క్యాన్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు. గర్భిణులకు వాయిదా వేయడం రివాజు. పెదవుల చుట్టూ తరచూ హెర్పిస్ పొక్కులు వచ్చేవాళ్లు ముందే చెబితే నివారణ మందు ఇస్తారు.

నొప్పి మాత్రల సంగతి చాలామంది మరిచిపోతారు. ఆస్పిరిన్ ఒక ప్లేట్‌లెట్‌ను దాని జీవితకాలమంతా పనికిరాకుండా చేస్తుంది, అందుకే వారం పది రోజుల ముందే ఆపమంటారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివాటికీ వారం గడువు పెట్టడం మేలు. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు మాత్రం జుట్టు కోసం దాన్ని ఆపే పని పెట్టుకోకూడదు. ఇంజెక్షన్ తర్వాత నొప్పికి పారాసెటమాల్ చాలు. పరగడుపున వెళ్లొద్దు, నీళ్లు బాగా తాగి తేలికగా తిని వెళ్తే కళ్లు తిరగవు, నరమూ సులువుగా దొరుకుతుంది.

అయ్యాక మాడుకి ఒక రోజు నీళ్లు, మినాక్సిడిల్ తగలనివ్వకండి. తల దిమ్ముగా, నుదురు కాస్త ఉబ్బినట్టు రెండు రోజులుంటుంది. ముఖానికైతే ఒక రోజు మేకప్ వద్దు, రెటినాల్, యాసిడ్ సీరమ్‌లు ఐదు రోజులు ఆపాలి, రెండు రోజులు ఆవిరి, చెమటలు కారే వ్యాయామం వద్దు, ఎండలోకి ఎస్‌పీఎఫ్ 30 లేకుండా వెళ్లొద్దు. కమిలిన మచ్చలు వారంలో పోతాయి. మూడో రోజుకి నొప్పి, వేడి తగ్గకుండా పెరుగుతుంటే అది మామూలు వాపు కాదు, వెంటనే చూపించాలి. గుచ్చుతుండగానో ఆ తర్వాత కొద్దిసేపటికో చర్మం పాలిపోయి వల గీతల్లా నీలం తేలినా, చూపు మసకబారినా గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

ఫలితం కొలవడానికి ఫొటోనే ఆధారం, అదీ పద్ధతిగా తీసినది. మొదటి ఇంజెక్షన్‌కి ముందే, తల ఆరబెట్టి, నూనె లేకుండా, ఒకే గదిలో ఒకే లైటు కింద, పాపిట ఒకే చోట తీసి, తల ఒకే కోణంలో వంచి తీయించుకోండి. తడి జుట్టుతో ముందు ఫొటో, షాంపూ చేసి ఆరబెట్టిన జుట్టుతో తర్వాత ఫొటో పెడితే ఏ చికిత్సైనా గెలుస్తుంది. వీలైతే మాడు మీద ఒక చదరపు సెంటీమీటరు గుర్తుపెట్టి ట్రైకోస్కోప్‌తో వెంట్రుకలు లెక్కపెట్టించండి, లావు కూడా చూపించమనండి. మూడు సిట్టింగ్‌లు సరిగ్గా, సరైన మోతాదులో అయ్యాక ఆరో నెలలో ఆ చదరంలో అంకె మారకపోతే ఇంకో ప్యాకేజీకి సంతకం పెట్టకండి.